రెండు గీతల రాయి

నిజాంపురాలో మేం ఎప్పుడూ వెళ్లే బంగారు దుకాణంలో ఆయన మా అవ్వ ముక్కుపుల్ల రాయిని పట్టుకారుతో పట్టుకున్నాడు. పెన్నులాంటి పరికరం మొన దానికి ఆనించాడు. చిన్న తెర మీద వచ్చింది చదివి, "యే హీరా నహీ హై, భాయ్. మోయిసనైట్ హై" అన్నాడు. వజ్రం కాదట.

నా పక్కన మా అక్క నిలబడి ఉంది. అమ్మను మేం అవ్వ అంటాం. ముక్కుపుల్ల కాడ అరిగి వదులైందని, కొత్త కాడ వేయించడానికి ఆ ఆదివారం ఇద్దరం కలిసి వచ్చాం. పాత కాడలోంచి రాయిని విడదీసినప్పుడు, మామూలుగా చూసినట్టే చూశాడాయన. జొన్నగింజంత రాయి. పదహారేళ్లుగా అవ్వ ముక్కున ఉంది. ఆమె వాకిట్లో ఎండకు కూర్చుంటే చెంప మీద ఎరుపూ నీలమూ చుక్కలు కదిలేవి.

"ఫిర్ సే దేఖో" అంది అక్క. మళ్లీ చూశాడు. ఇంకోసారి కూడా చూశాడు. మూడుసార్లూ అదే జవాబు.

రాయిని కాగితంలో మడిచి ఇచ్చాడు. షేర్ రిక్షా ఎక్కాం. అక్క నా వైపు చూడకుండానే అడిగింది.

"దవాఖాన్ల ముక్కుపుల్ల ఎవరు దీసిన్రు తమ్మీ?"

నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. నాలుగు నెలల కింద అవ్వ బాత్రూంలో జారి పడితే తలకు దెబ్బ తగిలింది. స్కాన్ గదిలోకి లోహం పనికిరాదన్నారు. మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య, ముక్కుపుల్ల తీసి రుమాలు కొసకు ముడేసుకుంది. మూడు రోజులు దవాఖానాలో అవ్వ దగ్గర ఉన్నది ఆమే. ఇంటికి వచ్చాక మళ్లీ పెట్టింది కూడా ఆమే.

"మూడు దినాలు" అంది అక్క. "మూడు దినాలు దాని కాడ ఉన్నది."

నేను అప్పుడే ఏదో ఒకటి అనాల్సింది. అనలేదు.

మా వాళ్లు మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన ఈ మరాఠీ ఊళ్లో మా ఇల్లు గైబీ నగర్‌లో, మగ్గాల షెడ్డు మీద. కింద మగ్గాలు నడుస్తుంటే పైన ఎవరూ మెల్లగా మాట్లాడరు. మాట్లాడినా వినపడదు. ఆ సాయంత్రం అక్క మరదలిని మూలకు పిలిచి గుట్టుగానే అడుగుదామనుకుంది. కానీ మా ఇంట్లో గుట్టుగా అడగడమంటే కూడా అరవడమే. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. "రాయి మార్చినవా లేదా చెప్పు" అన్న అక్క మాట ఆ నిశ్శబ్దంలో గల్లీ ఆ చివరికి వినిపించింది.

మరదలు కాశేలిలో ఒక గోడౌన్‌లో పెట్టెల మీది కోడ్లు స్కాన్ చేసే పని చేస్తుంది. నిజాంపురాలో ఉండే తెలుగు క్రైస్తవుల పిల్ల. తమ్ముడూ తనూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. నా భార్య పోయాక ఆరేళ్లుగా ఇల్లు నడిపింది ఆమే. అక్కకు ఆమె మీద పెద్ద కోపమేమీ లేదు. అలాగని పెద్ద నమ్మకమూ కుదరలేదు.

"వదినా, తీసింది రుమాల్ల గట్టిన. గట్టిందే మళ్ల పెట్టిన. గంతే" అంది మరదలు.

"మరి హీరా ఎట్ల మారింది?"

"నాకెట్ల తెలుస్తది?"

మంచం మీదనుంచి అవ్వ అంది: "నా తలకాయ పగిలిననాడు గింత మంది జమ గాలే. రాయి పగిలినట్టు లొల్లి జేస్తున్రు."

ఎవరూ నవ్వలేదు. నేను గోడకానుకుని నిలబడి ఉన్నాను. నా మీద అందరికీ నమ్మకం. నేనొక్క మాట అంటే అక్క ఆగేది. కానీ నా దగ్గర లెక్క లేదు. లెక్క లేకుండా మాట అనడం నాకు అలవాటు లేదు. ఆ రోజుకు దాన్ని మంచి గుణం అనుకున్నాను.

మర్నాడే తమ్ముడూ మరదలూ కాశేలిలో ఒక గది అద్దెకు తీసుకుని వెళ్లిపోయారు. కానీ ఆమె అవ్వను వదల్లేదు. రోజూ పొద్దున్నే వచ్చి, అవ్వకు స్నానం చేయించి, మాత్రలు ఇచ్చి, డ్యూటీకి వెళ్లేది. మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. సీసా వెంట తెచ్చుకునేది. వెళ్లేముందు గడప దగ్గర ఆగి, తన సంచి నా ముందు నేల మీద గుమ్మరించేది. టిఫిన్ డబ్బా, ఫోను, గుర్తింపు కార్డు, దువ్వెన.

"చూస్కో బావా."

"ఇదేంది బిడ్డా? నిన్ను ఎవరడిగిన్రు?"

"గోడౌన్ల గేటు కాడ దినాం చూపిస్తనే ఉన్న. ఈడ చూపిస్తే ఏం బోతది?"

ఒక్కొక్కటీ తిరిగి సంచిలో వేసుకుని మెట్లు దిగేది. మొదటి రోజు నేను మొహం తిప్పుకున్నాను. "తిప్పుకోకు బావా, చూడు. రేపు మీ అక్క అడిగితే ఏం జెప్తవ్?" అంది. ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఈ సంచి గుమ్మరించడం ఆగాలి. తమ్ముడు నాలుగు రోజులైతే అదే సర్దుకుంటుందన్నాడు. సర్దుకోవడం నాకు అక్కర్లేదు. ఆమె రాయి మార్చిందా లేదా, తేలాలి.

నా పని దారాలు లెక్కపెట్టడం. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. మిగతా లెక్కలు నేనే నేర్చుకున్నాను. మగ్గం మీంచి దిగిన కోరా బట్ట మీద మడత భూతద్దం పెట్టి, అంగుళానికి పడుగు దారాలెన్ని, పేక దారాలెన్ని చెప్తాను. ఆ అద్దాన్ని మా దగ్గర పిక్ గ్లాస్ అంటారు. నాది పది రెట్లు పెద్దగా చూపిస్తుంది. మగ్గాల యజమానికీ బట్ట కొనేవాడికీ తగువు వస్తే ఇద్దరూ నా దగ్గరికే వస్తారు. నేను చెప్పాక మళ్లీ ఎవరూ లెక్కపెట్టరు.

రాయి నా దగ్గరే ఉంది. ముందు ఆ మోయిసనైట్ అంటే ఏమిటో చదివాను. ఫోనులో దొరికినంత చదివి, అంకెలన్నీ కాగితం మీద రాసుకున్నాను. సిలికాన్, కార్బన్ కలిసిన రాయి అది. ఇసుకలో ఉండేది ఒకటి, బొగ్గులో ఉండేది ఒకటి. గట్టితనంలో వజ్రానిది పది అయితే దీనిది తొమ్మిదింపావు. కెంపు, నీలం రెండూ దీనికంటే కిందే, తొమ్మిది దగ్గర. వెలుగును రంగులుగా విడగొట్టడంలో మాత్రం ఇది వజ్రాన్ని దాటిపోతుంది, రెండింతలకు పైగా. అవ్వ చెంప మీద ఆడిన చుక్కలు నాకు అప్పుడు అర్థమయ్యాయి.

అది భూమి మీద దొరకడం చాలా అరుదు. నూట ముప్పై ఏళ్ల కింద అమెరికా ఎడారిలో ఉల్క పడి ఏర్పడిన పెద్ద గుంట నుంచి తెచ్చిన రాళ్లలో ఒక ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడికి దీని రవ్వలు కనిపించాయి. ఆయన వాటిని వజ్రాలే అనుకున్నాడు. కాదని తేలడానికి పదేళ్లు పైన పట్టింది. ఉల్కల్లో దొరికే ఈ రవ్వల్లో కొన్ని మన సూర్యుడి కన్నా ముందే పుట్టాయట. ఏదో ముసలి నక్షత్రం ఊదిన దుమ్ములోంచి. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. కానీ నగల్లోకి వచ్చేవి అవి కావు. సహజంగా దొరికేవి నగకు పనికిరానంత చిన్నవి. నగల్లోనివన్నీ కొలిమిలో పెంచినవే. ఇదే పదార్థాన్ని ముతకగా చేస్తే సాన రాయి అవుతుంది. మా కింద షెడ్డులో మగ్గాలు బాగుచేసే మిస్త్రీ, పేక దారం మోసే నాడె మొన నున్నగా చేసుకునే నల్ల రాయి అదే జాతి. కిందికి వెళ్లి దాన్ని వెలుతురులోకి పట్టి చూశాను. ముక్కలు ముక్కలుగా మెరిసింది.

"ఏం జూస్తున్నవ్ కాకా? సోనా దొరికిందా?" అన్నాడు మిస్త్రీ.

"మీ రాయికి చుట్టం మా ఇంట్ల ఉన్నది" అన్నాను.

ఇవన్నీ బాగున్నాయి. కానీ ఇప్పుడున్న రాయి ఏమిటో నాకు ముందే తెలుసు. తేలాల్సింది, నాలుగు నెలల కింద దవాఖానాకు వెళ్లిన రాయి ఏమిటన్నది. అది వజ్రమైతే మరదలి మీద మాట నిలబడుతుంది. అది కూడా ఇదే అయితే పడిపోతుంది. గడిచిపోయిన రోజున ముక్కున ఉన్న రాయిని ఇప్పుడెలా కొలవాలి?

పదహారేళ్ల కింద రాయి అమ్మినవాడు రాసిచ్చిన చీటీ కోసం అవ్వ ట్రంకు పెట్టె అంతా వెతికాను. చీటీ దొరికింది. రాయి బరువు ఉంది. యాభై మిల్లీగ్రాములు. ఇప్పటి రాయిని నూలు తూచే కాటా మీద పెట్టాను. యాభైయే చూపించింది. సంతోషించబోయి ఆగాను. ఒకే కొలత ఉన్న రాళ్లు వేర్వేరు జాతులైతే బరువు తేడా రావాలి. వజ్రం నీటికి మూడున్నర రెట్లు బరువు, ఇది మూడుంపావు లోపు. అయితే నా కాటా పది మిల్లీగ్రాముల కన్నా చిన్న తేడా చూపించదు. అది యాభై అందంటే నలభై ఆరూ కావచ్చు, యాభై నాలుగూ కావచ్చు. నీటిలో ముంచి తూచినా అంతే. రాయి వజ్రమైతే పద్నాలుగు మిల్లీగ్రాములు తగ్గాలి, మోయిసనైట్ అయితే పదిహేనున్నర. తేడా ఒకటిన్నర. నా కాటా తప్పు అంతకన్నా పెద్దది. ఆ చీటీ చూపించి అక్కను ఒప్పించగలనేమో. అక్క కాటా గురించి అడగదు. కానీ నేను ఒప్పుకోలేదు. చీటీ మళ్లీ ట్రంకులో పెట్టేశాను.

ఇంకేం చేయాలో తోచక, చేతికి అలవాటైన పని చేశాను. పిక్ గ్లాస్ తీసి రాయిని చూశాను. పైనుంచి చూస్తే ఏమీ లేదు, ముఖాలు శుభ్రంగా ఉన్నాయి. బట్టను వెలుతురుకు వాలుగా తిప్పినట్టు రాయిని కొంచెం పక్కకు వంచాను. వెనక వైపు అంచులు కనిపించాయి. ఒక్కో అంచూ రెండు గీతలుగా ఉంది. పక్కపక్కనే, జంట దారాల్లా.

ఆ గీతల్ని నేను ఇంతకుముందు చూశాను.

కాగితం మీది అంకెల్లో దాని కారణం ఉంది. వజ్రంలోకి వెళ్లిన వెలుగు ఒక్క దారినే నడుస్తుంది. ఇందులోకి వెళ్లింది రెండుగా చీలి రెండు దార్లు పడుతుంది. అందుకే వెనకున్న అంచు ఒక్కటే అయినా కంటికి రెండవుతుంది. నేరుగా చూసినప్పుడు ఆ చీలిక తెలియకుండా రాయిని కోస్తారు. వంచితే దొరికిపోతుంది. ఇది నేను ఈ వారమే చదివాను. కానీ గీతల్ని చూసింది ఈ వారం కాదు.

పదహారేళ్ల కింద ఒక రాళ్ల దళారి మా ఇంటికి వచ్చాడు. అవ్వ ముప్పై ఏళ్లు నూలు కండెలు చుట్టింది. ఆ కష్టంతో ఒక రవ్వ ముక్కుపుల్ల చేయించుకోవాలని ఆమె కోరిక. అక్కకూ ఒకటి కావాలంది. దళారి కాగితం విప్పి రెండు రాళ్లు పెట్టాడు. కొలత ఒక్కటే, చెప్పిన ధరా ఒక్కటే. తన పెన్ను రెండింటికీ ఆనించాడు. రెండుసార్లూ కుయ్యిమంది. "రెండూ అసల్" అన్నాడు. ఏది ఎవరికన్నది మేం తేల్చుకోవాలి. అవ్వ నా వైపు చూసింది.

నేను పిక్ గ్లాస్ తీశాను. రాళ్ల గురించి నాకేమీ తెలియదు. బట్ట గురించి తెలుసు. ఒక రాయిని వంచి చూస్తే ఒంటి గీతలు. రెండోదాన్ని వంచి చూస్తే అంతే చోటులో జంట గీతలు. అంగుళంలో దారాలు ఎక్కువ పడితే బట్ట మేలు రకం. నా చేతికీ కంటికీ తెలిసిన సత్యం అదొక్కటే. "అవ్వా, ఇది చిక్కగ ఉన్నది. ఇదే తీస్కో" అన్నాను. రెండు గీతల రాయి అవ్వకు వచ్చింది. ఒంటి గీతలది అక్కకు పోయింది.

అక్క దాన్ని నాకు మరిచిపోనిచ్చిందా? పండుగకో పెళ్లికో తయారైన ప్రతిసారీ అవ్వ ముక్కు వైపు చూసి, "గీతలెక్కువది తల్లికి, గీతల్తక్కువది అక్కకు. ఏం తమ్మునివిరా" అనేది. మా ఇంట్లో పిల్లలకు కూడా ఆ మాట నోటికి వచ్చు. అవ్వ రాయి ఎక్కువ మెరిసేది కాబట్టి, నేను సరిగ్గానే ఎంచానని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

అద్దం మడిచి కూర్చున్నాను. మరదలు రాయి మార్చలేదు. నాలుగు నెలల కింద కాదు, పదహారేళ్ల కిందనే అది మోయిసనైట్. అమ్మినవాడు మోసం చేశాడో, వాడినే ఎవరైనా మోసం చేశారో నాకు తెలియదు. ఎదురుగా ఉన్న రెండింటిలో వజ్రం కానిదాన్ని గీతలు లెక్కపెట్టి మరీ ఏరింది నేను.

ఒక పూట అంతా ఆ మాట నోట్లోనే పెట్టుకున్నాను. సాక్ష్యం చెప్పాలంటే నా లెక్క తప్పిందని చెప్పాలి. లెక్క తప్పని మనిషిగా నాకు ఈ ఊళ్లో అన్నం పుడుతోంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున మరదలు వచ్చి, అవ్వ జడ వేసి, గడప దగ్గర సంచి ఎత్తింది. నేను ఆ సంచి మూతి పట్టుకున్నాను.

"గుమ్మరించకు బిడ్డా. తప్పు నాది."

"ఏం తప్పు బావా?"

చెప్పాను. ఆమె నిలబడే విన్నది. చివరికి, "డ్యూటీకి లేటయితున్నది. ఈ ముచ్చట నాకెందుకు, వదినకు చెప్పు" అంది. సంచి భుజానికి వేసుకుని వెళ్లిపోయింది.

అక్క ఇల్లు మా గల్లీకి రెండు గల్లీల అవతల. సాయంత్రం వెళ్లి, "నీ ముక్కుపుల్ల తీస్కొని రా. దుకాణానికి పోదాం" అన్నాను.

"నాదెందుకు?"

"చూడాలె."

"నాది గూడ గదే అయితే?"

"అయితే అయితది."

దారి పొడుగునా గొణిగింది. దుకాణంలో ముందు ఆయనను పాత రకం పెన్ను తీయమన్నాను. రెండు రాళ్లకూ ఆనించాడు. రెండింటికీ కుయ్యిమంది.

"చూసినవా! ఆనాడు గూడ గిట్లనే మొరిగింది" అంది అక్క. "మరి అప్పుడు హీరానే గద? పెన్ను అబద్ధమాడుతదా?"

"ఆ పెన్నుకు తెల్సింది వేడి ఒక్కటే అక్కా. రాయి వేడిని గబగబ గుంజుకుంటే మొరుగుతది. వజ్రం గుంజుతది, ఇది గూడ గుంజుతది. గాజైతే పట్టుకుంటది గని, దీన్ని పట్టుకోదు."

ఆయన తలూపాడు. కొత్త పరికరం తీశాడు. అది వేడితో పాటు కరెంటు పారుతుందో లేదో కూడా చూస్తుందట. అవ్వ రాయికి మళ్లీ మోయిసనైట్ అని వచ్చింది. అక్క రాయికి వజ్రం అని వచ్చింది. అక్క నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

అప్పుడు పిక్ గ్లాస్ ఆమె చేతికిచ్చి, అవ్వ రాయిని వంచి పట్టాను. "ఎన్ని గీతలు?"

చాలాసేపు చూసింది. "రెండు."

"ఇప్పుడు నీది."

"ఒకటి."

"పదహారేండ్ల సంది నన్నేమని తిడుతున్నవ్?"

ఆమె పెదవులు కదిలాయి. ఆ మాట లోపలే అనుకుంటోందని నాకు తెలిసింది. ఆనాడూ అవ్వ రాయికి రెండు గీతలే, ఈనాడూ రెండే. మరదలు మన ఇంటికి రాకముందు కూడా రెండే. దాన్ని మార్చి మళ్లీ అలాంటిదే తెచ్చి పెట్టే అవసరం ఎవరికుంటుంది? ఇవన్నీ నేను అనలేదు. అక్కకు లెక్క వచ్చు. నాకంటే తొందరగా వచ్చు.

"అంటే" అంది, "అసలుది నా ముక్కున వెట్టుకొని, పదహారేండ్లు నకిలీ దాని కోసం ఏడ్సినన్నట్టు."

"ఔ."

"అది నీ వల్ల."

"నా వల్లనే."

నవ్వుతుందో ఏడుస్తుందో తెలియలేదు. దుకాణమాయన తన పనికి తిరిగాడు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాం. ఆమె మొదట అడిగింది: "నా రాయి పగిలిందా?"

"లేదవ్వా. మంచిగనే ఉన్నది. కాకపోతే వజ్రం గాదు. మిషన్ల పెంచింది."

"ఎవడో కష్టపడి చేసిండు గద. మిల్లుల నేసిన చీర చీర గాదా? నా రాయి నాకు వెట్టున్రి." అక్క వైపు తిరిగి అంది: "రాయి సంగతి తెల్సింది. పిల్ల సంగతి ఏం జేస్తవ్?"

ఆ ఆదివారం అక్కా నేనూ కాశేలి వెళ్లాం. గోడౌన్ల వెనక, లారీలు తిరిగే దారి పక్కన ఒక గది. మరదలు బట్టలు ఆరేస్తోంది. తమ్ముడు లేడు. అక్క గడప బయటే నిలబడి, ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా అనేసింది.

"తప్పయింది పిల్లా. నోరు జారిన. నువ్వు మార్చలే. ఇంటికి రా."

మరదలు చేతిలోని చీర దులిపి తీగ మీద వేసింది. కోపంగా లేదు. తొందరపడనూ లేదు.

"ఈడ ఎవరు విన్నరు వదినా? బావ విన్నడు, నేను విన్న. ఆ దినం విన్నోళ్లు వేరే ఉన్నరు."

"మరేం జెయ్యమంటవ్?"

"ఏ ఇండ్లల్ల విన్నరో ఆ ఇండ్లకు పో. ఆనాడు ఏమన్నవో చెప్పు, ఇయ్యాల ఏం తేలిందో చెప్పు. అప్పుడు వస్త."

"ఇంటింటికి తిరగాల్నా? నేను? ఎనిమిది మగ్గాల ఇంటి ఆడిదాన్ని."

"నేను సంచి గుమ్మరించిన గద వదినా. ఇరవై రెండు దినాలు."

నేను లెక్కపెట్టలేదు ఆ రోజుల్ని. ఆమె లెక్కపెట్టుకుంది. అక్క నా వైపు తిరిగి, "ఎన్ని ఇండ్లు తమ్మీ?" అంది.

గల్లీని కళ్ల ముందు పెట్టుకుని చూశాను. ఆ సాయంత్రం తలుపులు తీసి ఉన్నవి, బయటికి వచ్చి చూసినవి. "నాలుగు" అన్నాను.

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. మొదటి ఇంట్లో గడప దాటకుండా, ఇంటావిడ చేతిలోని గరిటె దింపేలోపే చెప్పేసి వెనక్కి తిరిగింది. రెండో ఇంట్లో అలా కుదరలేదు. ఆవిడ కూర్చోబెట్టి, "ఏం రాయో అది? నకిలీనా?" అని అడిగింది. "నకిలీ ఎందుకైతది? దాని జాతే వేరు" అని అక్క కొంచెం గట్టిగానే అంది. మూడో ఇల్లు మరాఠీ వాళ్లది. అక్క సగం హిందీ, సగం మరాఠీలో, వెలుగు రెండు దార్లు ఎలా పడుతుందో రెండు వేళ్లు చాపి చూపించింది. ఉల్క పడ్డ సంగతి కూడా చెప్పింది. అది నేను ఇంట్లో ఒక్కసారే అన్నాను. ఎంత బాగా పట్టుకుందో చూసి ఆశ్చర్యపోయాను. ప్రతి ఇంట్లోనూ చివర్న ఒకే మాట, ఒకే తీరుగా అంది: "మా పిల్ల ఏం జెయ్యలే. అన్నది నేను. తప్పు నాది."

నాలుగో ఇంట్లో ఒక ముసలావిడ అంతా విని, నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే రాయి ఏరింది నీ తమ్ముడేనా? దారాలు లెక్కవెట్టేటాయన?"

"ఔ, వీడే" అంది అక్క. ఆ సాయంత్రం ఆమె మొహంలో మొదటిసారి సంతోషం కనిపించింది. "గీతలెక్కువుంటె మేలు రకమనుకున్నడు."

"నా కొడుకు మగ్గం బట్ట గూడ ఈయనే చూస్తడు గద?"

"బట్టకైతే ఢోకా లేదు పెద్దమ్మా" అన్నాను. ఆవిడ నమ్మినట్టు కనిపించలేదు. వారం తిరగకముందే ఒక బట్ట విషయంలో నా లెక్క మీద రెండో మనిషిని పిలిచి లెక్కపెట్టించారు. సరిపోయింది. అయినా అలా జరగడం అదే మొదటిసారి. పక్కనే కూర్చుని ఆ లెక్క పూర్తయ్యేదాకా ఉన్నాను.

ఆ సాయంత్రం నాలుగో ఇల్లు దిగాక మా మెట్ల మీద కూర్చున్నాం. అక్క చెప్పులు విడిచి కాళ్లు నొక్కుకుంటోంది. నేను మరదలికి ఫోన్ చేశాను. అక్క వినాలని స్పీకర్ బొత్తాం నొక్కాను.

"నాలుగిండ్లూ అయినయి బిడ్డా."

"మా అమ్మోళ్ల ఇల్లు లెక్కవెట్టినవా బావా?"

లెక్కపెట్టలేదు. అది మా గల్లీలో లేదు కదా.

"మీ గల్లీల చుట్టాలుంటే ఫోన్ జేసి చెప్పిన్రు మా అమ్మకు" అంది మరదలు. "మూడు ఆదివారాలైంది, ప్రార్థనకు పోలేదు. నలుగుట్ల మొహం ఎట్ల చూపెట్టాలె అంటది."

మగ్గాల చప్పుడులో కూడా ఆ మాట స్పష్టంగా వినిపించింది. అక్క మండిపడుతుందనుకున్నాను. నాలుగన్నవాడివి నువ్వే కదా అని నా మీద పడుతుందనుకున్నాను. ఆమె ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది.

"నిజాంపురాల ఏ గల్లీ పిల్లా?"

మరదలు చెప్పింది.

"ఇంట్ల ఉంటదా మీ అమ్మ ఇప్పుడు?"

"ఉంటది."

"నువ్వు గూడ ఆడికి రా. నేను చెప్పేది నువ్వు వినాలె."

"వస్తున్న వదినా" అంది మరదలు.

అక్క చెప్పులు మళ్లీ తొడుక్కుంది. కొంగు సర్దుకుని గల్లీ చివరికి నడిచింది. నేను వెనక పరుగెత్తాల్సి వచ్చింది. రిక్షాలో కూర్చున్నాక, "ఆ రాయి పేరు మళ్ల చెప్పు తమ్మీ. ఆడ తప్పు పలుకొద్దు" అంది.

"మోయిసనైట్."

నిజాంపురా వచ్చేదాకా ఆమె దాన్ని పెదవుల మధ్యనే అనుకుంటూ కూర్చుంది.